రసీన్ ‘ఫెద్ర్’ని మొదటిసారి చదవాలనుకునేవాళ్ళకి

నా దగ్గర ఫ్రెంచ్ నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్నవాళ్ళే. వాళ్ళలో కొందరికి పరీక్షలైపోయాక కూడా భాష మీద ఇష్టం పోదు. బి2 స్థాయికి (మధ్యస్థాయిలో పై మెట్టు) వచ్చాక "మేడమ్, ఇప్పుడు అసలైన సాహిత్యం ఏదైనా చదవగలమా?" అని అడుగుతారు. ఫ్రెంచ్ నాటకకర్త జాఁ రసీన్ రాసిన ‘ఫెద్ర్’ చదవమంటాను. 1677 నాటి నాటకం, అయిదు అంకాలు, 1654 పంక్తులు, అంతా ఛందస్సు అనగానే వాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి భాష గురించి అంత భయం అక్కర్లేదు. రసీన్ వాడే మాటలు తక్కువ, వాక్యాలు తేట. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఈ నాటకంలో మన కళ్ళ ముందు దాదాపు ఏమీ జరగదు. యుద్ధాలూ ప్రయాణాలూ రాక్షసులూ అన్నీ ఉన్నాయి, కానీ ఎవరో ఒకరు వచ్చి చెబితేనే మనకి తెలుస్తాయి. కథ కోసం పేజీలు తిప్పేవాళ్ళు రెండో అంకంలోనే పుస్తకం మూసేస్తారు.

అందుకే నేను వేరే దారిలో చదివిస్తాను. ఇందులో మాటే సంఘటన. ఎవరు ఏ మాట బయటపెట్టారు, ఎవరు ఏ మాట మింగేశారు, ఎంత ఆలస్యంగా చెప్పారు అన్నదే కథ. దాన్ని పట్టుకుని చదివితే ఒక్క రంగం కూడా ఖాళీగా అనిపించదు. హైదరాబాద్‌లో మా ఇంటి మేడ మీద ఆదివారం పొద్దున్నపూట కొంతమందిమి కూర్చుని ఇలాగే చదువుకుంటాం. మేం చేసే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చుట్టరికాలు

పుస్తకం తెరవకముందే ఒక కాగితం మీద వంశవృక్షం వేసుకోండి. రసీన్ ఇవేవీ విడమరచి చెప్పడు. కర్ణుడి పుట్టుక గురించి మనకి ఎవరూ చెప్పనక్కర్లేనట్టే, ఆనాటి పారిస్ ప్రేక్షకులకి ఈ గ్రీకు కథలు ముందే తెలుసు.

ఫెద్ర్ తండ్రి మినోస్, క్రీట్ రాజు. చనిపోయాక పాతాళంలో మృతులకి తీర్పు చెప్పే న్యాయాధిపతి అయ్యాడు. తల్లి పసిఫయే సూర్యుడి కూతురు. దేవతల ఆగ్రహం వల్ల ఆమె ఒక ఎద్దుని మోహించింది, సగం మనిషి, సగం ఎద్దు అయిన మినోటార్ పుట్టాడు. ఆ మినోటార్‌ని చంపడానికి ఏథెన్స్ నుంచి తెజే వచ్చాడు (మనం థీసియస్‌గా విన్నది ఇతన్నే). ఫెద్ర్ అక్క అరియాన్ దారం ఇచ్చి చిక్కుదారుల్లోంచి అతన్ని బయటపడేసింది. అతను ఆమెని తీసుకెళ్ళి ఒక దీవిలో వదిలేశాడు. తర్వాత పెళ్ళి చేసుకున్నది చెల్లెలు ఫెద్ర్‌ని. ఇపొలిత్ తెజే కొడుకే, కానీ తల్లి వేరు, ఆమె అమెజాన్లనే యోధురాళ్ళ జాతికి రాణి. ఇంకో పేరు రాసుకోవాలి, అరిసీ. ఏథెన్స్ సింహాసనం మీద హక్కున్న వంశంలో మిగిలిన చివరి అమ్మాయి. అన్నదమ్ములు ఆరుగురినీ తెజే చంపాడు, ఆమెకి పెళ్ళి కాకుండా ఆజ్ఞ వేశాడు.

సూర్యుడి పేరు కింద, మినోస్ పేరు కింద గీత గీసి ఉంచండి. ఫెద్ర్‌కి వెలుగులో నిలబడితే తాతగారు చూస్తున్నాడన్న సిగ్గు. చీకట్లో దాక్కుందామంటే పాతాళంలో తీర్పు చెప్పేది తండ్రే. నాలుగో అంకంలో ఆమె ఈ మాట తనే అంటుంది. ఆ గీతలు ముందే గీసుకుంటే ఆ చోటికి వచ్చేసరికి పుట్‌నోట్ చూడాల్సిన పని ఉండదు.

మొదటి అంకం మూడో రంగంతో మొదలుపెట్టండి

ఇది పద్ధతి కాదని కొందరు టీచర్లు అంటారు. అయినా నేను ఇలాగే చేయిస్తాను. మొదటి రెండు రంగాల్లో విషయం ఏమిటో నాలుగు మాటల్లో చెప్పేస్తాను. తండ్రి కనబడక 6 నెలలు దాటింది, వెతకడానికి వెళ్తానంటున్నాడు ఇపొలిత్. అసలు కారణం అరిసీ మీద ప్రేమ అని అతని గురువు తెరమెన్ మెల్లగా కూపీ లాగుతాడు. రాణి ఫెద్ర్ ఏదో తెలియని జబ్బుతో కృశించిపోతోంది. అంతే. అక్కడి నుంచి మూడో రంగం. మొదటి రంగం తర్వాత చదువుకుంటే దానికి మరింత రుచి వస్తుంది, ఎందుకంటే అక్కడ కూడా ఒకడు ఒక ప్రేమని నోట్లోనే దాచుకుని అవస్థ పడుతున్నాడు.

ఫెద్ర్ వస్తుంది. ఇక నడవలేను అంటుంది. మోకాళ్ళు వణుకుతున్నాయి, ఒంటి మీది నగలు, మేలిముసుగు కూడా బరువే. రసీన్ రంగసూచనలు ఎంతో పొదుపుగా రాస్తాడు, ఇక్కడ మాత్రం ఒకటి రాశాడు: ‘కూర్చుంటుంది’. రాజసం ఉట్టిపడాల్సిన రాణి వచ్చీ రాగానే కూలబడుతోంది. మూడు రాత్రులుగా నిద్ర లేదు, మూడు పగళ్ళుగా తిండి లేదు. పెంచిన దాది ఎనోన్ కాళ్ళు పట్టుకుని బతిమాలుతుంది, ఏమైందో చెప్పమని. ఫెద్ర్ చెప్పదు. తల్లి గురించి, అక్క గురించి మాట్లాడుతుంది. ప్రేమించానంటుంది. ఎవరిని అంటే పేరు మాత్రం రాదు. చివరికి ఇలా సాగుతుంది, నా మాటల్లో:

"ఆ అమెజాన్ కొడుకు తెలుసు కదా, ఇన్నాళ్ళూ నేనే బాధలు పెట్టిన ఆ రాకుమారుడు..."

"ఇపొలిత్! దేవుడా!"

"ఆ పేరు ఎత్తింది నువ్వే."

ఇక్కడ ఆగండి. పెన్సిల్ పక్కన పెట్టి ఈ మూడు మాటల్నీ ఇద్దరు మనుషులు గట్టిగా చదవండి. ఫెద్ర్ ఆ పేరు పలకలేదు. ఎదుటివాళ్ళ చేత పలికించింది, పలికిన పాపాన్నీ వాళ్ళ మీదే వేసింది. ఈ మలుపు యూరిపిడీస్ రాసిన గ్రీకు నాటకంలోనూ ఉంది, రసీన్ అక్కడి నుంచి తెచ్చుకున్నాడు. కానీ మిగతా నాటకమంతా ఈ ఒక్క పనే మళ్ళీ మళ్ళీ జరిగేలా కట్టింది మాత్రం అతనే. నిజం ఎప్పుడూ చెప్పాల్సినవాళ్ళ నోట్లోంచి రాదు.

12 అక్షరాలు

నోటితో చదవకపోతే ఈ నాటకం సగమే అందుతుంది. పంక్తికి 12 అక్షరాలు, ఆరో అక్షరం తర్వాత చిన్న విరామం, రెండేసి పంక్తులకి అంత్యప్రాస. దీన్నే అలెగ్జాండ్రిన్ అంటారు. ఆ విరామం సంస్కృత ఛందస్సు చెప్పే యతి లాంటిదే. మన తెలుగు పద్యంలో యతి అక్షరమైత్రి కాబట్టి దాంతో కలపకండి.

అలవాటు కోసం మొదటి రంగంలోని ఈ పంక్తి తీసుకోండి. ‘మినోస్, పసిఫయేల కూతురు’ అని దాని అర్థం.

ల ఫీ య ద మి నోస్ / ఏ ద ప సి ఫ యే

మామూలుగా మాట్లాడేటప్పుడు ‘ఫీయ్’ అని హల్లుతో ఆపేస్తాం. ఇక్కడ అలా ఆపితే 11 అక్షరాలే వస్తాయి, పంక్తి కుంటుతుంది. చివరి ‘య’ని మెత్తగా పలకాలి. ఫ్రాన్స్‌లో స్కూలు పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. తెలుగు నోటికి ఇది సులువు, మాట చివర అచ్చు పలకడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. నా క్లాసులో ఫ్రెంచ్ ఉచ్చారణ అంతగా కుదరని పిల్లలు కూడా అలెగ్జాండ్రిన్ మాత్రం చక్కగా చదువుతారు. వేళ్ళ మీద లెక్కపెడుతూ ఓ పది పంక్తులు చదివితే చెవికి పట్టుబడుతుంది, ఆ తర్వాత లెక్క మానేయండి.

చెవికి పట్టాక మూడో రంగంలో ఫెద్ర్ ఇపొలిత్‌ని మొదట చూసిన క్షణం చెప్పే పంక్తికి వెళ్ళండి. ‘జ ల వి, జ రుజి, జ పాలిజ్ ఆ స వ్యూ’. చూశాను, ఎర్రబడ్డాను, పాలిపోయాను. మూడేసి అక్షరాల ముక్కలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. ఊపిరి ఎక్కడ అందదో అక్కడే మీకూ అందదు. అర్థం వివరించడానికి నేను ఎంత తాపత్రయపడినా రాని ఫలితం ఈ పంక్తిని నాలుగుసార్లు చదివిస్తే వస్తుంది.

పాత అర్థాల విషయంలో కాస్త జాగ్రత్త. మంట, నిప్పు అని వస్తే ప్రేమ అనుకోండి. ‘షార్మ్’ అంటే అందచందాలు కాదు, మంత్రం వేసినట్టు కట్టిపడేసే శక్తి. ‘ఆన్వీ’ అంటే ఇప్పటిలా బోర్ కొట్టడం కాదు, గుండె నలిగే బాధ. స్కూలు ఎడిషన్ ఏది కొన్నా ఇవి పేజీ అడుగున ఇస్తారు. మూలం ఫ్రెంచ్ వికీసోర్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, కానీ మొదటిసారికి నోట్స్ ఉన్న పుస్తకమే మంచిది.

ఎవరికి ఏం తెలుసు

నోటుబుక్‌లో ఒక పేజీని నిలువు గడులుగా విడగొట్టండి. ఒక్కో గడి మీద ఒక్కో పాత్ర పేరు: ఫెద్ర్, ఎనోన్, ఇపొలిత్, అరిసీ, తెజే. రంగం పూర్తయినప్పుడల్లా ఎవరికి కొత్తగా ఏం తెలిసిందో ఆ గడిలో రాయండి. అబద్ధం తెలిస్తే చుట్టూ వలయం గీయండి. చివర చూసుకుంటే తెజే గడిలో దాదాపు అన్నీ వలయాలే ఉంటాయి. అతని గడి నింపగలిగినవాళ్ళు అందరూ అతని చుట్టూనే తిరిగారు, ఎవరూ సరైన సమయానికి నోరు విప్పలేదు.

మొదటి అబద్ధం ఎవరూ కావాలని చెప్పింది కాదు. తెజే చనిపోయాడని మొదటి అంకంలో కబురొస్తుంది. ఆ కబురే ఫెద్ర్‌ని రెండో అంకం అయిదో రంగానికి తోస్తుంది. కొడుకు భవిష్యత్తు గురించి మాట్లాడాలని వస్తుంది. తెజే మీద తన ప్రేమ గురించి మొదలుపెడుతుంది. ఆ తెజే మెల్లగా మారిపోతాడు, వయసు తగ్గుతుంది, కళ్ళూ నడకా మాటా ఇపొలిత్‌వి అవుతాయి. ఆ చిక్కుదారుల్లో దారం పట్టుకుని అక్క కాదు, నేనే మీతో దిగేదాన్ని అంటుంది. బయటపడితే ఇద్దరం, తప్పిపోతే ఇద్దరం. ఇపొలిత్ అదిరిపోయి, తెజే నా తండ్రి, మీ భర్త, మరిచిపోయారా అంటాడు. ఒక్క క్షణం సర్దుకోవాలని చూస్తుంది. అతను క్షమాపణ అడిగి వెళ్ళిపోబోతుంటే ‘క్రూరుడా, నీకు బాగానే అర్థమైంది’ అంటుంది. అంతవరకూ ‘మీరు’, అక్కడి నుంచి ‘నువ్వు’. మర్యాద జారిపోయిన ఆ చోటు ఫ్రెంచ్ నేర్చుకున్న తెలుగువాళ్ళకి చప్పున తగులుతుంది. ఇంగ్లీషు అనువాదంలో చదివేవాళ్ళకి అది కనబడే దారే లేదు. కాబట్టి అనువాదంలో చదువుతున్నా ఈ ఒక్క రంగం మూలం పక్కన పెట్టుకోండి.

అతని కత్తి లాక్కుంటుంది. ఆ కత్తి ఆమె దగ్గరే ఉండిపోతుంది. మీ నోటుబుక్‌లో అది కూడా రాసుకోండి, నాలుగో అంకంలో అదే సాక్ష్యం అవుతుంది.

ఈలోపు తెజే బతికే తిరిగొస్తాడు. భార్య ఏడెనిమిది పంక్తులు మాట్లాడి వెళ్ళిపోతుంది. మీకు అవమానం జరిగింది, మీ దగ్గరికి రావడానికి నేను తగను, దాక్కోవడమే నాకు మిగిలింది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ వినేవాడికి ఆ మాటల్లోంచి అబద్ధమే పుడుతుంది. ఎనోన్ దాన్ని పూర్తి చేసి ఇపొలిత్ మీద నింద వేస్తుంది. ఇపొలిత్ తండ్రి ముందు నిలబడి, నిజం మిమ్మల్ని బాధపెడుతుంది కాబట్టి దాచుకుంటున్నాను అంటాడు. తెజే అతన్ని వెళ్ళగొట్టి, తన మొదటి కోరిక తీరుస్తానని మాటిచ్చిన సముద్రదేవుడు నెప్ట్యూన్‌ని శిక్షించమని వేడుకుంటాడు.

అరిసీని తక్కువ అంచనా వేయకండి

మొదటిసారి చదివేవాళ్ళు అరిసీ దగ్గర విసుక్కుంటారు. హీరోకి జోడీగా పెట్టిన అమ్మాయి అనుకుంటారు. నాలుగో అంకం నాలుగో రంగం చదివేవరకూ తీర్పు వాయిదా వేయండి. అక్కడ ఫెద్ర్ పశ్చాత్తాపంతో పరిగెత్తుకొస్తుంది, ఇపొలిత్‌ని కాపాడటానికే. ఇంకో నిమిషం గడిస్తే నిజం చెప్పేసేది. అంతలో తెజే, వాడు అరిసీని ప్రేమిస్తున్నానని కూడా అబద్ధాలాడాడు అంటాడు. అంతే, ఫెద్ర్ నోరు మూతపడిపోతుంది. అతనికి ఆడవాళ్ళంటేనే పడదు అనుకుని ఇన్నాళ్ళూ ఓర్చుకుంది. అతను ప్రేమించగలడు, తనని మాత్రం ప్రేమించలేదు. అసూయ పశ్చాత్తాపాన్ని నొక్కేసిన ఆ ఒక్క క్షణంలో ఇపొలిత్ చావు ఖాయమైంది. యూరిపిడీస్ నాటకంలో అరిసీ లేదు. రసీన్ ఆమెని తెచ్చింది సరిగ్గా ఈ రంగం కోసమే అని నా గట్టి నమ్మకం.

తెరమెన్ వర్ణన

అయిదో అంకం ఆరో రంగంలో తెరమెన్ వచ్చి ఇపొలిత్ ఎలా చనిపోయాడో 70కి పైగా పంక్తుల్లో చెబుతాడు. పిల్లలు దాటేసి వెళ్దామని చూసేది ఇక్కడే. చావుని రంగస్థలం మీద చూపించడం మర్యాద కాదని ఆ కాలం నియమం. పైగా నాటకమంతా ఒకే చోట, 24 గంటల్లోపు జరగాలి. అందువల్ల ఎవరో ఒకరు చెప్పక తప్పదు. మేం ఈ భాగాన్ని ఒక్కరి చేత చదివిస్తాం, మిగతావాళ్ళు పుస్తకాలు మూసి వింటారు.

వినేముందు రెండో అంకం రెండో రంగానికి వెళ్ళి ఒక పంక్తి మళ్ళీ చూడండి. ప్రేమలో పడి వేట మానేశానని అరిసీతో చెబుతూ ఇపొలిత్, పనిలేని నా గుర్రాలు నా గొంతు మరిచిపోయాయి అంటాడు. అక్కడ అది ప్రేమికుడి ముద్దుమాట. అయిదో అంకంలో సముద్రంలోంచి రాక్షసి లేస్తుంది, ఇపొలిత్ ఈటె విసిరి గాయపరుస్తాడు కూడా. కానీ బెదిరిన గుర్రాలు అదుపు తప్పుతాయి. తన చేత్తో మేత పెట్టి పెంచిన గుర్రాలు అతన్ని ఈడ్చుకుపోతాయి. పిలుస్తాడు, ఆ గొంతు వాటిని ఇంకా బెదరగొడుతుంది. చెప్పకూడని మాటలు, చెప్పని మాటలు అన్నీ అయ్యాక చివరికి అతను నోరు తెరిచి పిలిస్తే, వినాల్సినవాటికి ఆ గొంతే తెలియదు.

మన సారంగధర

మా అత్తగారిది రాజమండ్రి. మా చదువు వింటూ "ఇది మన సారంగధర కథేగా" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. రాజరాజనరేంద్రుడి కొడుకు, సవతి తల్లి చిత్రాంగి, పావురం, నింద, శిక్ష అన్నీ మనకి తెలిసినవే. ఒకదాన్నుంచి ఒకటి పుట్టాయని కాదు, ఇలాంటి కథ చాలా దేశాల్లో ఉంది. పోల్చి చదవాలనుకునేవాళ్ళు ఒక్క తేడా గమనించండి. చిత్రాంగి తన నోటితో నింద వేస్తుంది. ఫెద్ర్ వేయదు, వేస్తుంటే ఆపదు. మా గుంపులో ఒక బీటెక్ కుర్రాడు "అసలు ఆవిడ చేసిన తప్పేంటి మేడమ్?" అని అడిగింది అందుకే. పూర్తిగా దోషి కాదు, పూర్తిగా నిర్దోషి కాదు అని రసీనే తన ముందుమాటలో అన్నాడు.

ఫ్రెంచ్ రానివాళ్ళకి రిచర్డ్ విల్బర్ ఇంగ్లీషు అనువాదం ప్రాసతో, మూలానికి దగ్గరగా ఉంటుంది. టెడ్ హ్యూస్‌ది వచన కవిత, వేగం ఎక్కువ. చూడాలనుకుంటే పట్రీస్ షెరో 2003లో చేసిన ప్రదర్శన చిత్రీకరణ వెతకండి, ఫెద్ర్‌గా డొమినిక్ బ్లాన్ నటించింది. చదవకముందు మాత్రం చూడకండి. నటి గొంతు ఒకసారి చెవిలో పడితే మీ గొంతుతో చదవలేరు.

ముందుమాట చివర్లో

పుస్తకం మొదట్లో ఉన్న రసీన్ ముందుమాటని ఆఖర్న చదవండి. అపనింద వేయడం రాకుమార్తెకి తగనంత నీచమైన పని, అది దాదికి నప్పుతుంది, అలాంటివాళ్ళకి బానిస బుద్ధులుంటాయి అని రాశాడక్కడ. దీని మీద మా మేడ మీద పెద్ద గొడవే జరిగింది. నాకూ ఆ వాక్యం నచ్చదు. కానీ నాటకం రాసిన రసీన్ ముందుమాట రాసిన రసీన్ కంటే పెద్ద మనసున్నవాడు. కావాలంటే రెండు చోట్ల చూడండి. మొదటి అంకం మూడో రంగంలో ఎనోన్, నా ఊరు, నా పిల్లలు, మీ కోసం అన్నీ వదిలేశాను అంటుంది. నాలుగో అంకం చివర ఫెద్ర్ ఆమెని రాక్షసివి, పొమ్మని తిట్టి వెళ్ళిపోతుంది. ఒంటరిగా మిగిలిన ఎనోన్ ఆఖరి రెండు పంక్తుల్లో మళ్ళీ అదే మాట: ఈమెకి సేవ చేయడానికి అన్నీ చేశాను, అన్నీ వదిలేశాను, దక్కిన ఫలితం ఇది, నాకు ఇలాగే కావాలి. తర్వాత ఆమె సముద్రంలో దూకిందన్న కబురే మనకి వస్తుంది. ఈ రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టుకుని గట్టిగా చదివి, ముందుమాటలోని ఆ వాక్యం నిలబడుతుందో లేదో మీరే తేల్చుకోండి.